పాన్‌దాన్ కథలో చెప్పుకోని భాగం

పెళ్ళి మాటల్లో మెహర్‌తో పాటు "ఖర్చ్-ఎ-పాన్‌దాన్" అనే మాట కూడా మన పెద్దల నోట వినబడేది. కోడలి చేతిఖర్చుకిచ్చే సొమ్ముకు ఆ పేరు. 1877లో ఒక నవాబుగారు తన కోడలికి ఈ పేరుతో నెలకు 500 రూపాయలిస్తానని రాసిచ్చి, తర్వాత ఇవ్వనన్నాడు. తగవు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1910లో కోడలే గెలిచింది. ఆకు వక్కలకు మన ఇళ్ళలో అంత మర్యాద మరి!

నిజానికి ఈ అలవాటు మనవాళ్ళు బయటినుంచి తెచ్చినది కాదు, ఇక్కడ నేర్చుకున్నది. 1443లో విజయనగరానికి వచ్చిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ తాంబూలాన్ని తెగ మెచ్చుకున్నాడు. అయితే ఆయన నమిలిన విడెంలో పొగాకు లేదు. అది ఆ తర్వాత పోర్చుగీసు ఓడల్లో దిగింది. 1604-05 ప్రాంతంలో అసద్ బేగ్ దానిని బీజాపూరు నుంచి అక్బరు కొలువుకు తెచ్చాడు. హకీము వద్దంటున్నా పాదుషా రెండు మూడు దమ్ములు పీల్చాడట. 1617లో జహంగీరు పొగతాగడాన్ని నిషేధించాడు గానీ ఎవరు విన్నారు? పొగాకు జర్దాగా, కివామ్‌గా మారి పాన్‌దాన్‌లో తనకంటూ ఒక అర సంపాదించుకుంది.

తిరువాన్కూరులో తాంబూలం నమిలేవారికి నోటి కేన్సర్ వస్తున్న సంగతిని ఆర్ అనే వైద్యుడు 1933లోనే లాన్సెట్ పత్రికలో రాశాడు. 1985లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ పొగాకు కలిసిన తాంబూలం కేన్సర్ కారకమని తేల్చింది. "మేం జర్దా వేసుకోం, ఉత్త ఆకూ వక్కే కదా" అనే మన ఆడవాళ్ళ సమాధానానికి 2003లో జవాబు వచ్చింది. పొగాకు లేకున్నా వక్క ఒక్కటే చాలునని అదే సంస్థ నిర్ణయించింది. వక్క రసం బుగ్గ లోపలి మెత్తని పొరను నారలా బిగదీస్తుంది. నోరు తెరవడం నానాటికీ కష్టమవుతుంది.

మా నానీమా చివరి రోజుల్లో చెంచా కూడా పట్టక, గంజి నోట్లో పోయించుకునేది. వయసు మీద పడిందనుకున్నాం. బుగ్గలోని తెల్లమచ్చను ఎవరమూ చూడలేదు, ఆమె చూపించనూ లేదు.

ఇప్పుడు పాన్‌దాన్ అటకెక్కింది, పొట్లాలు పిల్లల జేబుల్లోకి వచ్చాయి. 2012లో మధ్యప్రదేశ్‌తో మొదలై రాష్ట్రాలు గుట్కాను నిషేధిస్తే, పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లంగా అమ్ముతున్నారు. తరగతిలో ఏ కుర్రాడైనా పాఠం చదవడానికి నోరు సరిగా తెరవకపోతే మాకు ముందు ఆ అనుమానమే వస్తుంది.

మూడు వేళ్ళు ఒకదాని కింద ఒకటిగా నోట్లో పట్టాలి. పట్టకపోయినా, తెల్లమచ్చ గానీ ఎర్రమచ్చ గానీ కనిపించినా, పుండు రెండు వారాల్లో మానకపోయినా పంటి డాక్టరుకు చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళది కూడా అడిగి చూడండి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.