ఒకే తీగ, వేరు కుంపట్లు

మా చిన్నప్పుడు విజయనగరంలో పై ఊరివాళ్లతో మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలకొద్దీ కాచుకు కూచోవాలి. ఓసారి అమ్మ బరంపురంలోని మా మావయ్యతో, అక్క పెళ్లికి కాస్త డబ్బు సర్దమని లోగొంతుకతో చెబుతోంది. మధ్యలో ఎవరో మగాయన, "ఎంత కావాలమ్మా?" అన్నాడు! లైన్లు కలిసిపోయాయి. అమ్మ మొహం మాడిపోయింది. ఫోను పెట్టేసి ఉత్తరం రాసింది. జవాబొచ్చేసరికి మూఢం వచ్చేసింది. పెళ్లి మూడు నెలలు వెనక్కి పోయింది.

మొన్న మా మేనకోడలు, శ్రీకాకుళంలో ఓ ఆఫీసు కంప్యూటర్ల బాగోగులు చూసే పిల్ల, "ఇప్పుడూ ట్రంకే అత్తా! కాని ఒకరి మాట ఒకరి చెవిలో పడదు" అంది.

అదెలాగే అంటే మన స్టేషనే చూడమంది. పార్వతీపురం వైపు లైను చీలాక విజయనగరం జంక్షనైంది. 1931కి ఆ లైను రాయపూరు దాకా పూర్తయింది. విశాఖ నుంచి అన్ని బళ్లూ ఒకే దారిన వస్తాయి. ఏది ఇచ్ఛాపురం వైపు, ఏది రాయపూరు వైపు అన్నది ఇక్కడ తేలాలి.

కంప్యూటర్లకి ఆ జంక్షను 'స్విచ్' అనే పెట్టె. మొదట్లో ఒక కంప్యూటరు అందరినీ ఉద్దేశించి కేక వేస్తే, ఆ తీగల మీదున్న వాటన్నిటికీ వినిపించేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ గోల ఎక్కువైంది. 1980లలో అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో డేవిడ్ సింకోస్కీ, ఉన్న తీగల మీదే వేరువేరు గుంపులు కట్టే ఉపాయం ఆలోచించాడు. 1998లో దానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏర్పడింది. పేరు 802.1క్యూ.

పద్ధతి చిన్నదే. ప్రతి సమాచారపు మూటకీ నాలుగు బైట్ల చీటీ కడతారు. అందులో గుంపు నంబరుంటుంది. 4,094 గుంపుల దాకా కుదురుతాయి. ఒక స్విచ్ నుంచి మరో స్విచ్‌కి పోయే పెద్ద దారే ట్రంక్. అక్కడ చీటీ ఉంటుంది. చివర్న కంప్యూటరుకి అందించేముందు స్విచ్ దాన్ని విప్పేస్తుంది. చీటీ ఉందన్న సంగతే ఆ కంప్యూటరుకి తెలియదు!

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మన రాష్ట్రపు ఫైబర్‌నెట్‌ని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన ఒక్క తీగలో టీవీ, ఫోను, ఇంటర్నెట్టు. ఇలాంటిచోట మూడింటికీ మూడు నంబర్లివ్వడం వాడుకేనట. ఉమ్మడి ఇంట్లో వాకిలి ఒకటే అయినా కుంపట్లు వేరైనట్టు.

"మరి భయం లేదా?" అన్నాను. "చీటీ తాళం కాదత్తా. రహస్యం దాచాలంటే తాళం వేరే వెయ్యాలి. నంబరు తప్పు వేస్తే పక్కవాళ్ల గుంపులో పడతాం" అంది.

అమ్మ ఇప్పుడు లేదు. ఉంటే అంతా విని ఒక్క ముక్క అడిగేది:

"ఆ నంబర్లు వేసే పిల్లాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని వేస్తాడా అమ్మా?"