మారుతి 800: వాకిట్లో సాగిన వైద్యం

1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఒక తెల్ల కారు తాళంచెవులను ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి హర్‌పాల్ సింగ్ చేతిలో పెట్టారు. ధర 47,500 రూపాయలు. మారుతి 800 గురించి ఎవరు రాసినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. 1971లో సంజయ్ గాంధీ పెట్టిన కంపెనీ మూతపడడం, 1981లో ప్రభుత్వం మారుతి ఉద్యోగ్ పేరుతో కొత్త సంస్థను నెలకొల్పడం, 1982లో జపాన్‌కు చెందిన సుజుకీతో ఒప్పందం కుదరడం, ఇవన్నీ పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి. ఈ వారం మేము చెప్పదలచుకున్నది అది కాదు. షోరూం గేటు దాటిన తర్వాత ఆ బండి ఇన్నేళ్లు ఎవరి చేతుల మీదుగా బతికింది అన్నది ఎవరూ పెద్దగా రాయలేదు. ఆ చేతుల్లో మన పాఠకులవి కూడా చాలానే ఉన్నాయి.

మారుతి రాకముందు మన రోడ్ల మీద కనిపించినవి ముఖ్యంగా రెండే కార్లు. ఒకటి కలకత్తా దగ్గర ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, రెండోది బొంబాయిలో తయారైన ఫియట్. రెండూ యాభైల నాటి యూరప్ నమూనాలే. అంబాసిడర్ ఉన్న ఇంట్లో గ్రీజు గన్ను కూడా ఉండేది. బ్యాటరీ దిగిపోతే ముందువైపు నుంచి ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పి ఇంజను లేపేవారు. డ్రైవరంటే సగం మెకానిక్కు అని లెక్క. అందుకే కారు కొనడం కన్నా దాన్ని పోషించడమే కష్టమనే మాట అప్పట్లో ఉండేది, అది అబద్ధమూ కాదు.

మారుతిలో అంతా తలకిందులు. ఇంజను అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలే బండిని లాగుతాయి, వెనక్కి పోయే పొడవాటి షాఫ్ట్ లేనే లేదు. 796 సీసీ, మూడే సిలిండర్లు. అంబాసిడర్ బానెట్ కింద తల పెట్టి పెరిగిన మేస్త్రీలకు ఇది ఆటబొమ్మలా కనిపించింది. కానీ అసలు చిక్కు పానాలతో వచ్చింది. అంబాసిడర్ ఇంగ్లండ్ బండి కాబట్టి దాని నట్లు, బోల్టులు అంగుళాల లెక్కలో ఉండేవి. మారుతి జపాన్ బండి, మిల్లీమీటర్ల లెక్క. పాత పానా మారుతి నట్టు మీద సరిగ్గా కూర్చోదు. బలవంతంగా తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అవుతాయి. ఈ బండి పట్టాలంటే 10, 12, 14, 17 నంబర్ల కొత్త పానాలు కొనక తప్పలేదు.

ఈ నాలుగు నంబర్లు చూడగానే గ్యారేజీల్లో పనిచేసే మన సోదరులు నవ్వుకొని ఉంటారు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గానీ, అబుదాబి ముసఫాలో గానీ, కువైట్ షువైఖ్‌లో గానీ టొయోటా, నిస్సాన్ పికప్‌ల కింద పడుకుంటే చేతికి కావలసినవి అవే పానాలు. ఊరి షెడ్డులో మారుతి మీద చెయ్యి తిప్పుకున్న కుర్రాడికి గల్ఫ్‌లో జపాన్ బండి మరీ కొత్తగా అనిపించకపోవడానికి ఇదొక కారణం. పాస్‌పోర్టులో ఏమి రాసి ఉన్నా, ఆ చదువు వాకిట్లోనే అయింది.

ఇక కార్బురేటర్ రోజుల సంగతి. పాత మారుతిలో మూడు ప్లగ్గులు, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్. బండి కదలకపోతే చూడవలసినవి దాదాపు ఇవే. చలికాలం పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కగానే చోక్ లోపలికి నెట్టాలి. మరిచిపోతే పెట్రోలు తాగేస్తుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఆ ప్లగ్గులను విప్పి, ఇనుప బ్రష్‌తో గీకి, సందు సరిచేసి మళ్లీ బిగించడం ఇంటి పిల్లలు కూడా నేర్చుకున్న పని. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాంటాక్ట్ పాయింట్లను గరుకు కాగితంతో రుద్దేవారు. పెట్రోల్లో చెత్త వస్తే కార్బురేటర్ విప్పి, సన్నటి జెట్లలోకి నోటితో గాలి ఊదేవారు. పెట్రోలు రుచి తెలియని మారుతి మెకానిక్కు ఆ కాలంలో లేడంటే అతిశయోక్తి కాదు. ఆరోగ్యానికి అది మంచిది కాదన్న సంగతి వేరే చెప్పాలా!

ఆ తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకొని ఐడ్లింగ్ స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ చెవితో వినడం. ట్యాపెట్లు కొట్టుకుంటున్నాయా, క్లచ్ కేబుల్ సాగిందా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం దగ్గర టకటకమంటోందా, ఇవన్నీ చప్పుడు మీదే తెలిసేవి. ఆ టకటక వచ్చిందంటే యాక్సిల్ చివర రబ్బరు బూటు చిరిగి, గ్రీజు పోయి, మట్టి చేరిందని అర్థం. బూటు చిరగగానే మారిస్తే తక్కువలో పోయేది. ఆలస్యం చేస్తే జాయింటే మార్చాలి.

మన వాకిళ్లలో ఈ బండికి జరిగిన పెద్ద అన్యాయం రేడియేటర్‌లో జరిగింది. అంబాసిడర్ అలవాటుతో చాలామంది బావి నీళ్లో బోరు నీళ్లో పోసేవారు. మారుతి ఇంజను బ్లాకు పోత ఇనుముది, పైన హెడ్డు అల్యూమినియంది. ఉప్పు నీళ్లకు లోపల తుప్పు పట్టి సన్నటి దారులు మూసుకుపోతాయి, ఇంజను కాగిపోతుంది, హెడ్డు వంకరపోతుంది. హెడ్ గాస్కెట్ పోయిందని ఎండాకాలంలో షెడ్డుకు చేరిన బండ్ల వెనక తరచుగా ఉన్న కారణం ఇదే. డబ్బా కూలంట్ కొనడానికి వెనకాడి, హెడ్డు పనికి వేలు పోసినవాళ్లు ఎందరో.

మన పల్లెలకు మారుతి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే వచ్చింది. 1993లో జెన్, 1998లో శాంత్రో, ఇండికా రావడంతో పట్నం వాళ్లు కొత్త బండ్లకు మారారు. వాళ్ల పాత 800లు జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు ప్రయాణం కట్టాయి. దుబాయి పైసలతో ఇంటికి వచ్చిన మొదటి నాలుగు చక్రాల బండి చాలా కుటుంబాల్లో ఇదే. ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవడం నుంచి సెలవు మీద వచ్చే కొడుకును ఎయిర్‌పోర్టు నుంచి తేవడం దాకా దానిదే భారం. కంపెనీ సర్వీస్ సెంటర్ పట్నంలో ఉండేది, బండి ఊళ్లో ఉండేది. స్పేర్ పార్టులు విజయవాడ ఆటోనగర్ నుంచో, సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచో బస్సులో వచ్చేవి. బిగించడం వేపచెట్టు కింద.

2000 సంవత్సరం దగ్గర ఈ వైద్యం మారింది. పొగ నిబంధనలు కఠినం కావడంతో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. చోక్ లేదు, ఊదడానికి జెట్లు లేవు. పెట్రోలు ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె నిర్ణయిస్తుంది. డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగితే చెవి పనిచేయదు, స్కానర్ కావాలి. కొందరు పాత మేస్త్రీలు ఎంపీఎఫ్ఐ బండిని ముట్టుకోమనేశారు, నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారు. అయితే ఆయిల్, ఫిల్టర్లు, బ్రేకులు, ప్లగ్గులు మాత్రం ఇంటి దగ్గరే సాగాయి. మూడు లీటర్ల లోపు ఆయిల్ పట్టే ఇంజనుకు ఆయిల్ మార్చడం ఒక పూట పని.

2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధన వచ్చిన 13 నగరాల్లో 800 అమ్మకం ఆగిపోయింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. 2014 జనవరిలో తయారీయే ఆగింది. హర్‌పాల్ సింగ్ 2010లో కన్నుమూశాక ఆ మొదటి కారు ఢిల్లీ వీధిలో ఎండకు ఎండి వానకు తడిసి పాడైంది. తర్వాత కంపెనీయే దాన్ని బాగుచేయించి తన కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టుకుంది. ఊరి 800లకు అలాంటి యోగం లేదు. వాటిని చూసుకోవలసింది ఇంటివాళ్లే.

మీలో కొందరి ఇళ్ల ముందు ఆ బండి ఇప్పుడు టార్పాలిన్ కింద ఉండి ఉంటుంది. నడవని బండి నడిచిన బండి కన్నా త్వరగా చెడుతుంది. బ్యాటరీ చస్తుంది, ట్యాంకులో పెట్రోలు జిగురు కడుతుంది, బ్రేకులు పట్టేసుకుంటాయి, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు వారానికోసారి నాలుగైదు కిలోమీటర్లు తిప్పమని తమ్ముడికి చెప్పండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే బ్యాటరీ ఇంకా దిగుతుంది. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేకపోతే మార్పించడమే మేలు, తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది. ఇంకొకటి గట్టిగా చెప్పండి: ఒక్క జాకీని నమ్ముకొని, లేదా ఇటుకలు పేర్చి, బండి కిందకు దూరవద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. గట్టి ఇనుప స్టాండ్లు పెట్టాలి, కింద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు వేయాలి.

ఉంచాలా, తుక్కుకు ఇవ్వాలా అని ఇంట్లో వాదన నడుస్తుంటే ఇంజను చూసి తేల్చకండి. ఇంజను పనికి ఇప్పటికీ దారి ఉంది. కాళ్ల కింది మ్యాటు ఎత్తి నేల రేకు చూడమనండి, తలుపుల కింది అంచులు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడమనండి. అక్కడ రేకు పొడిలా రాలితే ఆ బండిని వదిలేయడమే మంచిదని మా అభిప్రాయం. రేకు గట్టిగా ఉంటే కాగితాలు చూసుకోవాలి. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. 600 రూపాయలుండే ఫీజును కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేసింది, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేసింది. ఆర్సీ మీ పేరునే ఉండి మీరు ఇక్కడ ఉంటే, సంతకాలు అవసరమవుతాయి కాబట్టి గడువు తేదీ ముందే కనుక్కొని, ఆ పని వచ్చే సెలవు లెక్కలో వేసుకోండి.