స్లైడు అంచున మన ఊరు

విజయనగరం కోటకు 1713లో పునాది పడిందని బడి పిల్లలకు తెలుసు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో జరిగిందని బుర్రకథ విన్నవాళ్లందరికీ తెలుసు. అదే బొబ్బిలి చుట్టుపక్కల డెబ్బై ఏళ్ల కిందట ఒక కూలి ఇంట్లో చోడి అంబలి ఏ గిన్నెలో పోసుకునేవారు, సంతకు వెళ్లే ఆడమనిషి చంటిబిడ్డను ఎలా ఎత్తుకునేది, వానలో నాట్లు వేసేవాళ్లు నెత్తిన ఏం కప్పుకునేవారు అని అడిగితే జవాబు కోసం తడుముకోవాలి. రాజులకు శాసనాలున్నాయి, జమీందార్లకు నిలువెత్తు చిత్రపటాలున్నాయి. మామూలు జనానికి మిగిలిన కొద్ది సాక్ష్యాల్లో, మనం ఇంతవరకూ సరిగ్గా పట్టించుకోనిది స్లైడు.

ఉత్తరాంధ్రలో స్లైడు కథ క్రైస్తవ మిషన్లతో ముడిపడి ఉంది. 1870ల నుంచి కెనడా బాప్టిస్టులు భీమిలి వైపుగా వచ్చి శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి, టెక్కలి, పాలకొండ, సోంపేటల్లో ఒక్కో కేంద్రం పెట్టుకుంటూ పోయారు. 1882 తర్వాత జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి లూథరన్లు సాలూరు, పార్వతీపురం మీదుగా జయపురం కొండల్లోకి వెళ్లారు. మిషనరీల సామానులో మ్యాజిక్ లాంతరు ఉండేది. మూడుంపావు అంగుళాల గాజు పలక మీద బొమ్మ, అదే స్లైడు, వెనక దీపం, ఎదురుగా తెల్లటి గుడ్డ. చీకటి పడ్డాక ఊరి మధ్య ఆ గుడ్డ కట్టి బైబిలు కథలు చూపించేవారు. సినిమా పుట్టకముందే మన పల్లెల్లో జనం గుంపుగా కూర్చుని వెలుగు బొమ్మలు చూశారంటే ఈ లాంతరు వల్లే.

ఆ లాంతరు రెండో వైపుకీ పనిచేసింది. సెలవు మీద స్వదేశం వెళ్లిన మిషనరీలు అక్కడి చర్చిల్లో చందాలిచ్చేవారికి మన ఊళ్లను చూపించారు. 1936లో కొడాక్ కంపెనీ 35 మిల్లీమీటర్ల కొడాక్రోమ్ ఫిల్ము తెచ్చాక గాజు పలక పోయి రెండంగుళాల అట్ట చట్రం వచ్చింది, దాంతోపాటు రంగులూ వచ్చాయి. కెనడా బాప్టిస్టు మిషన్ కాగితాలు, ఫొటోలు ఇవాళ హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ ప్రాంగణంలోనూ, నోవా స్కోషియాలోని అకాడియా విశ్వవిద్యాలయంలోనూ భద్రంగా ఉన్నాయి. మన తాతముత్తాతల వాకిళ్లు చూడాలంటే అంత దూరం వెళ్లాల్సిరావడం బాధ కలిగించే మాటే. వాళ్లు దాచబట్టే అవి దక్కాయన్నదీ అంతే నిజం.

ఆ ఫొటోలు తీసినవాళ్లు మన జీవితాన్ని నమోదు చేయాలని తీయలేదు. కొత్త ఆసుపత్రి గది, బడి ముందు వరసగా నిలబెట్టిన పిల్లలు, తాము ఎక్కిన ఎడ్లబండి, ఇవి వాళ్లకు కావలసినవి. జబ్బునీ పేదరికాన్నీ కొంచెం ఎక్కువ చేసి చూపించాలన్న ఉద్దేశం కూడా ఉండేది, చందాలు కదలాలి కదా. బొమ్మ నడిమధ్యలో నిలబడ్డ దొరకు పేరుంటుంది, పక్కన గొడుగు పట్టిన మనిషికి ఉండదు. ఇది గుర్తుంచుకునే చూడాలి. కానీ కెమెరా తనకు అక్కర్లేనిదాన్ని వదిలిపెట్టలేదు. దొర వెనక గోడ, గోడ మీద ఆరేసిన చీర, చీర కింద కోళ్ల గంప, అన్నీ ఫిల్ములోకి వచ్చేశాయి. మనకు కావలసింది అక్కడుంది, అంచుల్లో.

విజయనగరంలో ఒక మిత్రుడి అటక మీద దొరికిన డబ్బాలోని స్లైడు ఒకటి చాలాకాలం నా బల్ల మీద ఉంది. మధ్యలో జీపు, పక్కన తెల్ల చొక్కా మనిషి. ఎవరో అధికారి అయ్యుంటారు. నేను చూసేది వాళ్ల వెనకనున్న చుట్టిల్లుని. గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటికమ్మ కప్పు. చూరు ఎంత కిందికి దిగిందంటే ఎదిగిన మనిషి నడుం వంచకుండా లోపలికి పోలేడు. సముద్రపు గాలి మూల దొరక్క చుట్టూ జారిపోవాలని ఇక్కడి జనం తరతరాలుగా అలా కట్టుకున్నారు. గుమ్మం పక్కన అరుగు, దాని మీద బోర్లించిన కుండ. చూరు కింద నీడలో ఒక పిల్ల సగమే కనిపిస్తుంది. జీపును చూడ్డానికి వచ్చి, కెమెరాను చూసి వెనక్కి తగ్గినట్టుంది.

అట్ట మీద అక్టోబరు నెల ముద్ర ఉంది. దాన్నిబట్టి దసరా రోజుల ఫొటో అనుకున్నాం. మా వీధిలో ఉండే ఒక మామ్మగారికి పెద్దది చేసి చూపిస్తే జీపు జోలికే పోలేదు. "కమ్మ కొత్తగా కప్పేరు సూడు బాబూ. వానలు పడకముందే కప్పుకుంతాం. ఇది ఎండల్లో తీసిన పొటో" అంది. ఆమె మాటే సరైనది. కొడాక్ వాళ్లు అట్ట మీద కొట్టే నెల ఫిల్ము కడిగిన నెల, తీసిన నెల కాదు. ఒక వాన పడితే తాటికమ్మ పసుపు ఛాయ పోయి బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ సంగతి ఏ ఆర్కైవు జాబితాలోనూ దొరకదు.

పొందూరు విషయమూ ఇంతే. అక్కడ నూలు వడికే ఒక స్త్రీ ఫొటో విదేశీ భాండాగారానికి చేరితే "రాట్నం ముందు మహిళ" అని రాసి పక్కన పెడతారు. ఆమె చేతిలో ఉన్న చిన్న రంపం లాంటి వస్తువేమిటో పొందూరు వాళ్లకే తెలుసు. అది వాలుగ చేప దవడ ఎముక. ఆ సన్నటి పళ్లతో పత్తిని దువ్వితే గింజను అంటుకున్న దూది నలగకుండా, చెత్త లేకుండా వస్తుంది. నూరో నంబరు దాకా సన్నని నూలు వచ్చేది ఈ పనితనం వల్లే. చేపల వేటకూ నేత పనికీ మధ్య ఉన్న ఈ బంధం ఫొటోలో కనిపిస్తూనే ఉంటుంది, చెప్పేవాళ్లు పక్కన ఉంటే.

సిరిమాను ఉత్సవం ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి పూజారి అరవై అడుగుల మాను కొసన కూర్చుని ఊరేగుతుంటే ప్రతి కెమెరా పైకే తిరుగుతుంది. ముందు నడిచే పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల అప్పుడప్పుడూ పడతాయి. పాత బొమ్మ దొరికితే మీరు కింది సగం చూడండి. మేడల మీద ఎవరున్నారు, తలపాగాలు ఎన్ని, టోపీలు ఎన్ని, ఆడవాళ్లు ఏ పక్క నిలబడ్డారు, దుకాణం బోర్డు మీద ఏ సరుకు పేరుంది. పట్నం మారిన తీరు ఆ జనంలో ఉంది.

తేదీ తేల్చడానికి కూడా అలాంటి గుర్తులే సాయపడతాయి. దుకాణంలో ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రావడానికి ముందుదో, ఆ దగ్గరి కాలానిదో. గోడ మీద 'మాయాబజార్' పోస్టరు ఉంటే 1957కి ముందుది కానేకాదు, చిన్న ఊళ్లకు సినిమా ఆలస్యంగా చేరేది కాబట్టి కొంత తర్వాతదీ కావచ్చు. లారీ మీద ఏపీ 30 అని ఉంటే అది 1989 తర్వాతి శ్రీకాకుళం, ఏపీ 35 అయితే విజయనగరం. బోర్డు మీద అక్షరాలు తిరగబడి కనిపిస్తే స్లైడును వెనక నుంచి చూస్తున్నారన్నమాట.

స్లైడు అనగానే మన పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది మాత్రం సినిమా హాలు. ఆట మొదలయ్యే ముందు తెర మీద పడే గాజు ప్రకటనలు. చేత్తో రాసిన రంగు అక్షరాల్లో బట్టల కొట్టు, కంటి డాక్టరు, సోడా కంపెనీ, పొగ త్రాగరాదన్న హెచ్చరిక, మధ్యలో విశ్రాంతి. మూడంకెల ఫోను నంబరు, "గంటస్తంభం దగ్గర" లాంటి చిరునామా. ఒక పట్నం ఏం అమ్మేది, ఏం కొనేది, దేనికి భయపడేది అన్నీ ఆ పలకల మీద ఉన్నాయి. హాళ్లు ఫంక్షన్ హాళ్లయినప్పుడు చాలావరకు చెత్తలో పోయాయి. మిషనరీల పెట్టెలు సముద్రాలు దాటి బతికాయి, మన వీధి చివరి హాలు పలకలు మాత్రం వీధి చివరే పోయాయి. దీనికి ఎవరినో నిందించి లాభం లేదు, అవి చరిత్ర అని మనలో ఎవరికీ తట్టలేదు.

ఇంకా మిగిలినవి ఉన్నాయి. రిటైరైన ఇంజినీర్ల దగ్గర, మెడికల్ కాలేజీల్లో చదివినవాళ్ల దగ్గర, విదేశాల్లో ఉండి వచ్చినవాళ్ల అటకల మీద. మన తీరంలోని తేమకు స్లైడుకు బూజు పడుతుంది. తడిగుడ్డతో తుడిస్తే బొమ్మే లేచిపోతుంది, ఆ పని చేయకండి. ఎర్రగా మారిందని పారేయకండి. కొడాక్రోమ్ చీకట్లో ఉంటే రంగు నిలుపుకుంటుంది, మిగతా చాలా ఫిల్ములు వెలిసి ఎర్రబారతాయి, స్కాన్ చేశాక రంగును చాలావరకు సరిచేయవచ్చు. కొడాక్రోమ్ కడిగే చివరి ల్యాబు 2010 డిసెంబరు ఆఖరున ఫిల్ములు తీసుకోవడం ఆపేసింది. అంటే ఉన్నవాటికి కొత్తవి చేరవు.

స్కానింగ్ కంటే తొందరగా కావలసిన పని ఇంకొకటుంది. బొమ్మను డెబ్బై, ఎనభై ఏళ్ల పెద్దల ముందు పెట్టి వాళ్లు చెప్పేది రాసుకోవడం. వాలుగ దవడను గుర్తుపట్టే కళ్లు, తాటికమ్మ రంగు చూసి కాలం చెప్పే కళ్లు పదేళ్ల తర్వాత ఎన్ని మిగులుతాయి?

దీనికి ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. శ్రీకాకుళంలోనే కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట ఉండాలని సంకల్పించి, ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి వేల కథలు పోగుచేశారు. కథలకు జరిగింది బొమ్మలకూ జరగాలి. మీ ఇంట్లో స్లైడుల డబ్బా ఉంటే ఈ ఆదివారమే దించండి. ఒక్కొక్కటీ వెలుగుకు ఎత్తి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఊరు, ఏడాది, మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టండి. గొడుగు పట్టుకున్నవాళ్ల పేరు కూడా రాయండి.