నల్ల టీషర్టు వేసుకుంటే నేరమా?

శుక్రవారం వస్తే మన ఆఫీసుల్లో సగంమంది నల్ల టీషర్టుల్లోనే కనిపిస్తారు. ఇంజినీరింగ్ హాస్టల్లో మా రూమ్మేట్ పొద్దున్నే ఐరన్ మెయిడెన్ పెట్టేవాడు. పక్క రూమువాళ్ళు "ఏంట్రా ఈ గోల" అని తలుపు బాదేవాళ్ళు. అంతకుమించి వాడికొచ్చిన కష్టమేమీ లేదు. అదే టీషర్టుతో, అదే పాటలతో కైరోలో ఉంటే ఏమయ్యేదో చూడండి.

1997 జనవరి. ఈజిప్టు పోలీసులు తెల్లవారుజామున ఇళ్ళ మీద పడి దాదాపు వందమంది కుర్రాళ్ళను పట్టుకెళ్ళారు. ఎక్కువమంది బాగా కలిగిన కుటుంబాల పిల్లలు, విద్యార్థులు. ఆరోపణ సైతాను ఆరాధన. సాక్ష్యాలేంటయ్యా అంటే క్యాసెట్లు, పోస్టర్లు, నల్ల టీషర్టులు! (ఈ లెక్కన స్పైడర్‌మాన్ టీషర్టు వేసుకున్నవాడు గోడలెక్కాలి.) పశ్చాత్తాపపడకపోతే మతద్రోహులకు వేసే శిక్షే, అంటే మరణమే, అన్నట్టు మాట్లాడాడు దేశపు పెద్ద ముఫ్తీ. పత్రికలు సరేసరి, రోజుకో కథ అల్లాయి.

ఆ కథల్లో మనకి సంబంధించిన ముక్క ఒకటుంది. ఈ "సైతాను పార్టీలు" జరిగాయన్న చోటు హీలియోపొలిస్‌లోని బారన్ ఎంపైన్ ప్యాలెస్. బెల్జియం వ్యాపారి ఒకాయన 1911 నాటికి కట్టించిన మేడ. నమూనా అంగ్‌కోర్ వాట్, మన ఒరిస్సా గుళ్ళు. గోడల నిండా హిందూ దేవుళ్ళ శిల్పాలే. దశాబ్దాలు పాడుబడి ఉండేసరికి జనానికి అది దెయ్యాల కొంప అయిపోయింది. మనం చూస్తే దణ్ణం పెట్టుకునే బొమ్మలవి!

చివరికి నేరం రుజువు కాలేదు, కొన్ని వారాల్లో అందర్నీ వదిలేశారు. కానీ భయం వదల్లేదు. కుర్రాళ్ళు జుట్టు కత్తిరించుకున్నారు, క్యాసెట్లు దాచేశారు, కచేరీలు ఏళ్ళతరబడి ఆగిపోయాయి. అప్పట్లో ప్రభుత్వం ఇస్లామిస్టులతో తుపాకులతో పోరాడుతోంది. "మేమూ మతాన్ని కాపాడేవాళ్ళమే" అని చూపించుకోడానికి ఈ పిల్లలు సులువుగా దొరికారని నా అభిప్రాయం. 2016లో కూడా బ్రెజిల్ బ్యాండు సెపల్టురా కైరో కచేరీ రద్దయింది.

మొరాకోలో ఇలాగే మొదలై వేరేగా తేలింది. 2003 మార్చిలో కాసాబ్లాంకా కోర్టు 14 మందికి నెల నుంచి ఏడాది దాకా జైలు వేసింది. వాళ్ళలో 9 మంది మెటల్ వాయించేవాళ్ళు. నేరం, ఇస్లాం విశ్వాసాన్ని దెబ్బతీయడం. కచేరీకి వెళ్ళేవాడు సూటూ టై వేసుకోవాలన్నట్టు జడ్జి గారు అన్నారని అప్పటి వార్తలు. అయితే ఇక్కడ జనం ఇళ్ళలో కూర్చోలేదు. సంగీతకారులు, హక్కుల సంఘాలు, కొన్ని పత్రికలు గొడవ చేశాయి. నెల తిరక్కుండానే అప్పీలులో 11 మంది నిర్దోషులుగా బయటపడ్డారు.

మే 16న అదే కాసాబ్లాంకాలో 12 మంది ఆత్మాహుతి దాడులు చేసి 33 మందిని చంపారు. పోలీసులు ఫిబ్రవరిలో వెతికింది గిటార్లు పట్టుకున్నవాళ్ళని.

కాసాబ్లాంకాలో 1999లో మొదలైన లబూలెవార్ ఉత్సవం మెటల్‌ని వదల్లేదు. 2009లో స్వయంగా మొరాకో రాజే దానికి డబ్బిచ్చాడు. తీసుకోవాలా వద్దా అని ఆ కుర్రాళ్ళలోనే కొందరు గొణుక్కున్నారు!