నాగార్జునుడి దండనీతి

నేరస్థుణ్ణి రాజు ఎలా చూడాలి, చేసిన పనికి చేసినవాడు ఏ మేరకు కర్త అన్న రెండు ప్రశ్నలపై బౌద్ధ దార్శనికుడు ఆచార్య నాగార్జునుడు చేసిన చింతన. ఆయన క్రీ.శ. 2–3 శతాబ్దాల వాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆయన శ్రీపర్వతంపై నివసించాడని సంప్రదాయం చెబుతుంది. కృష్ణకు ఆవల పల్నాడు, ఈవల నల్లగొండ ఉన్న నాగార్జునకొండ లోయ శాసనాల్లో శ్రీపర్వతం పేరు కనిపిస్తుంది. ఆచార్యుడు అక్కడ ఉన్నట్టు మాత్రం ఆ శాసనాలు చెప్పవు.

దండన గురించిన చర్చ ప్రధానంగా ఆయన రచించిన 'రత్నావళి' నాలుగో పరిచ్ఛేదంలో ఉంది. ఈ గ్రంథం ఒక రాజుకు చేసిన హితబోధ. ఆ రాజు శాతవాహనుడని సంప్రదాయం చెప్పినా, ఏ శాతవాహనుడో తేలలేదు. ఘోరపాపం చేసినవారిపైనే రాజు ఎక్కువ దయ చూపాలని ఆచార్యుడు వాదిస్తాడు. బలహీనులైన ఖైదీలను ఒకటి నుంచి ఐదు రోజుల్లో వదిలేయాలి, మిగిలినవారిని ఎన్నటికీ వదలకూడదని అనుకోరాదు. చెరలో ఉన్నన్నాళ్లూ వారికి క్షురకుణ్ణి, స్నానాన్ని, అన్నపానాలను, మందును, బట్టను సమకూర్చాలి. క్షురకుణ్ణి కూడా మరవని ఈ జాబితా ప్రశంసనీయమైనది. తండ్రి దారితప్పిన కొడుకును మంచివాణ్ణి చేయాలని దండించినట్టే రాజు కూడా దండించాలి తప్ప, ద్వేషంతోనో ధనాశతోనో కాదు. హంతకుల విషయంలోనూ బాగా విచారించి దేశబహిష్కారం చేయాలి. చంపరాదు, హింసించరాదు.

దీనికి తాత్త్విక పునాది ఆయన మరో గ్రంథం 'మూలమధ్యమక కారిక'లో దొరుకుతుంది. 8వ ప్రకరణం కర్తనూ కర్మనూ పరిశీలిస్తుంది. కర్మ లేకుండా కర్త లేడు, కర్త లేకుండా కర్మ లేదు, రెండింటిలో ఏదీ స్వతంత్రంగా నిలవదని దాని సారం. 17వ ప్రకరణంలో కర్మ అప్పుపత్రంలాంటిదని, తీర్చేదాకా చెల్లకుండా పోదని వాదించే పక్షం ఒకటి వస్తుంది. నాగార్జునుడు దాన్నీ ఒప్పుకోడు. మార్పులేని నేరస్వభావం అంటూ ఒకటి లేదన్నప్పుడు దండన లక్ష్యం పగ కాలేదు, దిద్దుబాటే అవుతుంది. ఈ ముడి ఆయన స్వయంగా వేసింది కాదు, రెండు గ్రంథాలనూ కలిపి చదివితే తేలేది.

'రత్నావళి' 6వ శతాబ్దంలో చైనా భాషలోకి వెళ్లింది, టిబెట్ భాషలో పూర్తిగా నిలిచింది. సంస్కృత మూలంలో దొరికిన భాగాలను ఇటలీ పండితుడు టూచీ 1934, 1936లలో ప్రచురించాడు. నాగార్జునకొండ శిథిలాలు 1926లో వెలుగులోకి వచ్చాయి. కృష్ణపై కట్టే జలాశయం కింద లోయ మునిగిపోనున్నందున 1954–60 మధ్య విస్తృతంగా తవ్వారు. కృష్ణకు ఈవల ఫణిగిరిలో, ఆ లోయను ఏలిన ఇక్ష్వాకు వంశపు రాజు రుద్రపురుషదత్తుడి శాసనం దొరికింది.

ఇక్ష్వాకుల తర్వాత పదిహేను వందల ఏళ్లలో నల్లగొండ ప్రాంతపు దండన చరిత్ర రాజ్యాలతో పాటు మారుతూ వచ్చింది. 

ఆధునిక కాలంలో ఉరి ప్రశ్న నల్లగొండకు తిరిగి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట కాలపు కేసుల్లో ప్రత్యేక ట్రిబ్యునళ్లు 1949లో మరణశిక్షలు విధించగా, అదే ఏడాది డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు ఖరారు చేసింది. ఇంగ్లండు నుంచి వచ్చిన న్యాయవాది డి.ఎన్. ప్రిట్ ఖైదీల తరఫున సుప్రీంకోర్టులో వాదించాడు. తమకు వకీలు సహాయం అందలేదన్న ఖైదీల ఫిర్యాదుతో విచారణ చెల్లకుండా పోదని 1951లో కోర్టు తీర్పిచ్చింది. తరువాత ఆ శిక్షలు యావజ్జీవంగా మారాయి.

1973 నాటి నేర విచారణ స్మృతి మరణశిక్షకు ప్రత్యేక కారణాలు రాయాలని షరతు పెట్టింది. ఉరి మాత్రం చట్టంలో కొనసాగుతోంది. 2018 నాటి మిర్యాలగూడ పరువు హత్య కేసులో నల్లగొండ ప్రత్యేక న్యాయస్థానం 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది.