చదరంగము – మతవిశ్వాసము – మర్యాద

మనదేశము ప్రపంచమునకు ఇచ్చిన ఆటలలో చదరంగమును మించినది లేదు. ఏడవ శతాబ్దములో బాణభట్టు తన హర్షచరిత్రలో చతురంగమును శ్లేషగా ప్రస్తావించినాడు. ఇక్కడనుండి అది పారశీకమునకు, పారశీకమునుండి అరబ్బులకు, వారినుండి స్పెయిన్, ఇటలీ దేశములకు ప్రయాణము చేసినది. మనయింట పుట్టి, జొరాస్ట్రియనుల కొలువులలో పెరిగి, ముస్లిముల చేతిలో శాస్త్రరూపము పొంది, క్రైస్తవ మఠములలోనికి, యూదుల వాడలలోనికి నడచిపోయిన ఆట యిది. ఇన్ని మతముల గడపలు త్రొక్కిన వినోదము మరియొకటి కనబడదు.

అందువలననే ఈ ఆట చరిత్రలో ఒక ప్రశ్న పదే పదే తలయెత్తినది. బల్లకు ఆవలివైపున కూర్చున్నవాని విశ్వాసము నా విశ్వాసము కానప్పుడు, వానిని నేనెట్లు చూడవలెను? ప్రొద్దుపుచ్చుటకు ఆడుకొనే ఆటకు ఇంత పెద్ద ప్రశ్న యెందుకని తోచవచ్చును. కాని ఈ ప్రశ్నకు ఇతరులు చెప్పిన జవాబును బట్టి కొందరు క్రీడాకారులు తమ స్థానమును, కొందరు దేశమును, కొందరు ప్రాణమును కూడ పోగొట్టుకొన్నారు.

మొదట ఒక అపోహను తీర్చుకొనవలెను. ఫలానా మతము ఆటపాటలకు విరోధి, ఫలానా మతము ఉదారమైనది అని లోకులు తేలికగా తీర్పు చెప్పుచుందురు. చరిత్ర అట్లు చెప్పదు. ప్రతి మతములోను చదరంగమును గూర్చి వాదోపవాదములు జరిగినవి. ప్రతి మతపెద్దను బాధించిన భయము ఇంచుమించు ఒక్కటే. ఆ భయము జూదమును గూర్చి. మనుస్మృతి రాజులు విడువవలసిన వ్యసనములలో పాచికలను చేర్చినది. తొమ్మిదవ శతాబ్దారంభమున జీవించిన ఇమామ్ షాఫీ, చదరంగము మెచ్చదగినది కాకపోయినను, పందెము లేకుండ, నమాజు వేళ తప్పకుండ, దుర్భాషలకు దిగకుండ ఆడుకొన్నచో నిషిద్ధము కాదన్నాడు. ఇతర ధర్మశాస్త్రవేత్తలు పలువురు ఆయనతో ఏకీభవింపలేదు. పన్నెండవ శతాబ్దపు యూదు పండితుడు మైమనిడీస్ పందెము కాసి చదరంగమాడువానిని నమ్మదగిన సాక్షిగా స్వీకరింపరాదన్నాడు.

క్రైస్తవులలోను ఇంతే. 1060 ప్రాంతమున ఇటలీలో పీటర్ డామియన్ అను కార్డినల్, ఫ్లారెన్సు బిషప్పు చదరంగమాడినాడని మండిపడి పోపునకు లేఖ వ్రాసినాడు. పాచికలను కదా శాసనము నిషేధించినది, చదరంగము వేరు కదా అని బిషప్పు సమాధానము చెప్పుకొన్నాడు. కార్డినల్ అంగీకరింపలేదు. దావీదు కీర్తనలను మూడుమారులు పారాయణము చేసి, పన్నెండుగురు పేదల పాదములు కడుగవలెనని ప్రాయశ్చిత్తము విధించినాడు. 1254లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ పాచికలతోపాటు చదరంగమును కూడ నిషేధించినాడు. అయినను ఆ యుగముననే ఐరోపా మఠములలో, కోటలలో ఆట వర్ధిల్లుచునే యున్నది. మతమునకును ఆటకును యుద్ధము జరిగినదనుట కంటె, ఒక్కొక్క మతములోను కఠినులకును సౌమ్యులకును చర్చ జరిగినదనుట సత్యమునకు దగ్గర.

మనవైపు చూడుడు. పాచికలతో నలుగురాడే చదరంగము మనదేశములో కలదని 1030 ప్రాంతమున అల్‌బెరూనీ తన గ్రంథములో వర్ణించినాడు. వంగదేశపు ధర్మశాస్త్రవేత్త రఘునందనుడు తన తిథితత్త్వములో, కోజాగరి పున్నమి రాత్రి జాగరణ సందర్భమున ఈ ఆటను వివరించినాడు. ఒకచోట వ్యసనమని తలచినది మరియొకచోట వ్రతమునకు తోడైనది! ఇక తెలుగుదేశమున, బొడ్డుచర్ల తిమ్మన శ్రీకృష్ణదేవరాయలతో నిత్యము చదరంగమాడి గెలిచెడివాడని ఒక చాటుపద్యము ప్రచారములో నున్నది. దానిని చరిత్రగా గాక జనశ్రుతిగానే తీసికొన్నను, రాజును ఓడించినవానిని మెచ్చుకొనగల మర్యాద మనవారికి ప్రియమైనదని అది తెలుపుచున్నది.

ఆట దేశములు మారినకొలది పావులు కూడ వేషములు మార్చుకొన్నవి. మన బల్లపై నేడు శకటు నిలిచే గడిలో అరబ్బుల ఆటలో ఏనుగు నిలిచెడిది. దాని పేరు ఫీల్. అరబ్బులు చెక్కిన పావులలో ఏనుగునకు ఆకారము లేదు. దంతములను సూచించే రెండు మొనలు మాత్రముండెడివి. ఏనుగు నెరుగని ఐరోపావారు ఆ పావునకు తమ తమ అర్థములు చెప్పుకొన్నారు. ఆంగ్లేయులకు అది బిషప్పయినది. ఫ్రెంచివారికి విదూషకుడైనది. రష్యనులకు ఏనుగుగానే నిలిచినది. 1831లో స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపమున దొరికిన పన్నెండవ శతాబ్దపు పావులలో మఠాధిపతుల కిరీటములు ధరించిన బిషప్పులు ఉన్నారు. ఏనుగు క్రైస్తవ మతాచార్యుడుగా మారినందున ఆట చెడిపోలేదు.

మధ్యయుగపు పరస్పర గౌరవమునకు అందరును చూపే ఉదాహరణ యొకటి కలదు. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యమును పాలించిన పదవ అల్ఫోన్సో 1283లో సెవిల్ నగరమున ఆటలను గూర్చి ఒక చిత్రగ్రంథమును పూర్తి చేయించినాడు. అందులోని సమస్యలనేకము అరబ్బు గ్రంథములనుండి వచ్చినవి. గుర్రమెక్కలేని వృద్ధులకు, స్త్రీలకు, చెరలో నున్నవారికి, సముద్రయానము చేయువారికి కూడ వినోదము కావలెను గదా అని పీఠికలో రాజు చెప్పుకొన్నాడు. ఒక చిత్రములో ఒక ముస్లిము, ఒక క్రైస్తవుడు ఒకే గుడారములో ఎదురెదురుగా కూర్చుండి చదరంగమాడుచున్నారు. ఆయుధములు ప్రక్కకు పోయినవి. మధ్య నున్నది బల్ల మాత్రమే.

చిత్రము మనోహరమైనదే. కాని దానిని చూచి మురిసిపోవుటకు ముందు ఒక సంగతి గమనింపవలసి యున్నది. సెవిల్ నగరమును 1248లో ముస్లిములనుండి జయించినవాడు ఈ అల్ఫోన్సో తండ్రియే. 1264లో రాజ్యములోని ముస్లిములు తిరుగుబాటు చేసినారు. ఈ రాజు సంకలనము చేయించిన ధర్మశాస్త్రమే యూదులు తలపై ప్రత్యేక చిహ్నమును ధరింపవలెనని విధించినది. బల్లవద్ద దొరికిన సమానత్వము వీథిలో దొరకలేదు. ఆటస్థలములోని మర్యాద గొప్పదే. కాని అది చట్టములోనికి, జీవితములోనికి నడచివచ్చుటకు ఇతర ప్రయత్నములు కావలెను.

అట్టి ప్రయత్నము లేనిచోట ఆ మర్యాద ఎంత త్వరగా కూలునో ఇరువదవ శతాబ్దము చూపినది. 1894 నుండి 1921 వరకు, అనగా 27 సంవత్సరములు, ప్రపంచవిజేతగా నిలిచిన ఇమాన్యుయల్ లాస్కర్ జర్మనీకి చెందిన యూదుడు. 1933లో నాజీలు అధికారమునకు రాగానే జర్మన్ చదరంగ సంఘము యూదులను బహిష్కరించినది. లాస్కర్ దేశము విడిచి, 1941 జనవరిలో న్యూయార్కులో మరణించినారు. రెండు నెలలు దాటిన కొలది దినములకే, జర్మనుల ఆక్రమణలో నున్న పారిస్‌లోని ఒక జర్మన్ పత్రికలో అప్పటి ప్రపంచవిజేత అలెఖైన్ పేరుతో కొన్ని వ్యాసములు వెలువడినవి. ఆర్యుల చదరంగము సాహసమునకు, సృజనకు నిలయమట; యూదుల చదరంగము పిరికితనమునకు, లాభాపేక్షకు నిలయమట! యుద్ధానంతరము అలెఖైన్ ఆ మాటలు తనవి కావని, తన వ్రాతను మార్చివేసినారని చెప్పుకొన్నాడు. వివాదము తీరకమునుపే 1946 మార్చి 24న పోర్చుగల్‌లో మరణించినాడు.

వ్రాసినవారెవరైనను, ఆ సిద్ధాంతము నిలుచునా? రుడాల్ఫ్ స్పీల్మన్ వియన్నాకు చెందిన యూదుడు. పావులను బలియిచ్చి దాడిచేయుటలో ఆయనకు సాటివచ్చువారు అరుదు. ఆ విద్యను గూర్చియే 1935లో ఒక గ్రంథము ప్రకటించినారు. నాజీలనుండి తప్పించుకొని స్వీడన్ చేరి, 1942లో స్టాక్‌హోమ్‌లో పేదరికములో కన్నుమూసినారు. 1960లో ప్రపంచవిజేతయైన మిఖాయిల్ తాల్ రీగా నగరపు యూదు కుటుంబములో పుట్టినవారు. అంతటి సాహసముతో ఆడిన విజేత మరియొకడు లేడని పలువురి అభిప్రాయము. దానికి మారుగా, ఆత్మరక్షణ కళకు పరాకాష్ఠయని పేరొందిన పెట్రోసియాన్ ఆర్మీనియన్. ఎత్తులను చూచి ఆడినవాని మతమును చెప్పగలవాడు నేటివరకు పుట్టలేదు. అయినను ఆ అబద్ధము ఊరక పోలేదు. పోలండులో చదరంగమునకు ఎంతో సేవచేసిన ప్షెపియూర్కా 1940లో జర్మనుల చేతిలో హతుడైనాడు. ఆయన యూదుడగుటయే నేరము.

మూసపోసిన అభిప్రాయము ఎల్లప్పుడు ద్వేషరూపములోనే రాదు. ఒక్కొక్కప్పుడు మెచ్చుకోలు వేషములో వచ్చును. పంజాబునుండి సర్ ఉమర్ హయాత్ ఖాన్ వెంట ఇంగ్లండు వెళ్లిన మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిష్ విజేతయైనారు. 1930–31 హేస్టింగ్స్ పోటీలో కాపాబ్లాంకాను ఓడించినారు. పాశ్చాత్యులు ఆయనను చదువురాని సేవకునిగా, తూర్పుదేశపు వింతగా చిత్రించి ముచ్చటపడినారు. ఆయన వంశీయులు ఆ చిత్రమును అంగీకరింపలేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదమును ఇచ్చినది 2024లో. ఆ నాటికి ఆయన మరణించి అర్ధశతాబ్దము దాటినది.

గౌరవమనగా తీయని మాటలు కావు. పోటీ నిర్వాహకులకు అది కాలపట్టికలో తేలవలసిన సంగతి. సామ్యూల్ రెషెవ్‌స్కీ నిష్ఠగల యూదుడు. శుక్రవారము సూర్యాస్తమయమునుండి శనివారము సూర్యాస్తమయము వరకు ఆడరు. 1948లో హేగ్, మాస్కో నగరములలో ఐదుగురి మధ్య ప్రపంచవిజేతను నిర్ణయించు పోటీ జరిగినప్పుడు ఆయన నియమమును నిర్వాహకులు మన్నించినారు. మతమును రాజ్యము ఆదరింపని మాస్కోలో కూడ ఆ మన్నన లభించినది. తక్కిన నలుగురు ఆటగాండ్రకు దానివలన కలిగిన నష్టమేమియు లేదు.

1967లో ట్యునీషియాలోని సూస్ నగరమున ఇట్టిదే జరిగినది. అది ముస్లిము దేశము. అక్కడ యూదుడైన రెషెవ్‌స్కీకి, శనివారము విశ్రాంతిని పాటించే క్రైస్తవ సంఘములో చేరిన బాబీ ఫిషర్‌కు, ఇరువురికిని ఆ దినము మినహాయించినారు. ఈసారి కథ సుఖాంతము కాలేదు. మార్పులవలన తన ఆటలు విరామము లేకుండ వచ్చినవని ఫిషర్ పట్టుబట్టి, అందరికంటె ముందున్నవాడు పోటీని విడిచి వెళ్లినాడు. ఇందులో తెలిసికొనవలసినది ఇది: ఒకరి నియమమును మన్నించుటకు ఇతరులు కొంత సర్దుకొనవలెను, ఆ సర్దుబాటునకు ఒక హద్దు కూడ ఉండును. ఆ హద్దును ముందుగా అందరును కూర్చుండి నిర్ణయించుకొన్నచో రచ్చ తక్కువగును.

మన కాలమునకు వత్తము. ఇరాన్‌లో 1979 విప్లవము తరువాత చదరంగము నిషిద్ధమైనది. 1988లో ఖొమేనీ, జూదము లేనిచో ఆడవచ్చునని అనుమతించినాడు. పదకొండు వందల సంవత్సరములకు పైగా గడచినను, శాఖ వేరైనను, ఇమామ్ షాఫీ విధించిన మొదటి షరతే మరల వినిపించినది! 2017లో మహిళల ప్రపంచ పోటీ టెహరాన్‌లో జరిగినది. క్రీడాకారిణులందరును తలపై ముసుగు ధరింపవలెనన్నారు. అమెరికా విజేత నాజీ పైకిడ్జే అందుకు ఒప్పుకొనక పోటీకి వెళ్లలేదు. మన గుంటూరు ఆడబిడ్డ ద్రోణవల్లి హారిక వెళ్లి ఆడి, కాంస్య పతకముతో తిరిగివచ్చినారు. ఈ రెండు నిర్ణయములలో ఒకటి ధైర్యమనియు, రెండవది పిరికితనమనియు తేల్చివేయుట సులభము, న్యాయము కాదు.

ఈ వాదము రేగినప్పుడు ఇరాన్ క్రీడాకారిణి మిత్రా హెజాజీపూర్, పోటీని బహిష్కరించినచో తమ దేశపు స్త్రీల కృషికే దెబ్బ తగులునన్నారు. ఆ మాట విని ఆమెను ప్రభుత్వపక్షమని తలచినవారు పొరబడినారు. 2019 డిసెంబరులో మాస్కో పోటీలో ముసుగు తీసి ఆడినది ఆమెయే. అందుకు జాతీయ జట్టునుండి తొలగించినారు. తరువాత ఆమె ఫ్రాన్సు పక్షమున ఆడి 2023లో అక్కడి విజేతయైనారు. ఒకే మనిషిలో ఇన్ని నిర్ణయములు ఉన్నప్పుడు, ఒక మతములో, ఒక దేశములో పుట్టినవారందరి మనసు ఇదియే అని చెప్పుట ఎట్లు?

1924లో పారిస్‌లో పుట్టిన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తన ధ్యేయవాక్యముగా ఒక లాటిన్ మాటను స్వీకరించినది. మనమందరము ఒకే కుటుంబము అని దాని భావము. ఆ సమాఖ్య పుట్టిన తరువాతనే యూదుల బహిష్కరణ జరిగినది. 2025 మే నెలలో ఆఫ్ఘనిస్తాన్ పాలకులు జూదమను అనుమానముతో చదరంగమును నిలిపివేసినారు. కనుక వాక్యమొక్కటే చాలదు. అయినను పని కష్టమైనది కాదు. ఎదుటివాని ఎత్తుకు కారణమును వాని మతములో వెదుకక బల్లపైననే వెదకుట. వాని ఉపవాసమును, వాని విశ్రాంతి దినమును ముందుగానే అడిగి తెలిసికొనుట. తన ఆచారమును వానిపై రుద్దకుండుట – ఇవి మన పట్టణములలోని చిన్న చదరంగ సంఘములు కూడ ఈ ఆదివారము నుండియే పాటింపదగినవి. పోటీ తేదీలను నిర్ణయించునప్పుడు గోడమీది పంచాంగమొక్కటే గాక, పొరుగువాని పండుగల పట్టికను కూడ ఒకమారు చూచుట అందులో మొదటిది.