వలస చట్టాలు, ఎన్నికలు, ప్రజారోగ్యం: శాన్‌ఫ్రాన్సిస్కో ప్లేగు (1900-1904)

పరిచయం

అంటువ్యాధిని అరికట్టడం వైద్యుల పని అని సాధారణంగా భావిస్తాం. అయితే వ్యాధి ఎక్కడుందో తెలియాలంటే రోగి భయం లేకుండా ముందుకు రావాలి. ఆ భయాన్ని పెంచేవి, తగ్గించేవి చాలావరకు చట్టాలూ పాలకులే. ఈ సంబంధాన్ని ఒక ఉదాహరణతో పరిశీలించండి.

నేపథ్యం

1882లో అమెరికా చైనా కార్మికుల వలసను నిషేధించింది. 1892 చట్టం ప్రకారం, అప్పటికే అక్కడున్న చైనా కార్మికులు నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. లేనివారిని దేశం నుంచి పంపివేయవచ్చు. కాబట్టి వారికి అధికారి అంటే మొదట గుర్తొచ్చేది వైద్యం కాదు, బహిష్కరణ.

దిగ్బంధం

1900 మార్చిలో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో ఒక చైనీయుడి మృతదేహంలో ప్లేగు ఆనవాళ్లు కనిపించాయి. అధికారులు ఆ ప్రాంతాన్ని దిగ్బంధించి, కొద్ది రోజులకే ఎత్తివేశారు. మే నెలలో మళ్లీ దిగ్బంధించినప్పుడు సరిహద్దును తెల్లవారి భవనాలను తప్పించి గీశారు. హాఫ్‌కిన్ బొంబాయిలో తయారుచేసిన ప్లేగు టీకా వేయించుకోని ఆసియావాసులు నగరం దాటరాదని కూడా ఆంక్ష పెట్టారు. ఇవి జాతి వివక్షతో కూడినవని ఫెడరల్ న్యాయస్థానం రెండింటినీ నిలిపివేసింది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. చైనాటౌన్‌వాసులు రోగులను, మృతదేహాలను దాచసాగారు.

ఎన్నికల పాత్ర

వ్యాపారం దెబ్బతింటుందని గవర్నర్ హెన్రీ గేజ్ అసలు ప్లేగే లేదన్నాడు. వ్యాధిని నిర్ధారించిన ఫెడరల్ వైద్యాధికారి జోసెఫ్ కిన్యూన్ 1901లో బదిలీ అయ్యాడు. అదే ఏడాది ఫెడరల్ నిపుణుల సంఘం ప్లేగు ఉన్నదని తేల్చింది. 1902లో రిపబ్లికన్ పార్టీ గేజ్‌ను తిరిగి అభ్యర్థిగా నిలబెట్టలేదు. దీనికి ప్లేగు ఒక్కటే కారణం కాదు; పార్టీలోని వర్గపోరు కూడా ఉంది. ఎన్నికల్లో గెలిచిన జార్జ్ పార్డీ స్వయంగా వైద్యుడు. ఆయన హయాంలో రాష్ట్ర, ఫెడరల్ అధికారులు కలిసి పనిచేశారు. 1904 నాటికి వ్యాధి అదుపులోకి వచ్చింది. అప్పటికి నూరుమందికి పైగా మరణించారు.

ముగింపు

1907లో ప్లేగు తిరిగి వచ్చినప్పుడు రోగుల్లో అత్యధికులు తెల్లవారే. ఈసారి అధికారులు ఒక జాతిని కాక ఎలుకలను లక్ష్యంగా చేసుకున్నారు. క్రిమి ధ్రువపత్రాలు చూడదు. ఒక వర్గాన్ని భయపెట్టి దూరం పెడితే ప్రమాదం ఊరందరికీ. ఏ దేశంలోనైనా వలస విధానాన్ని అధ్యయనం చేసేటప్పుడు ఈ ప్రశ్న వేసుకోండి: జ్వరం వచ్చిన వలస కార్మికుడు ఆస్పత్రికి వెళ్లగలడా, దాక్కుంటాడా?

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1900 నాటి దిగ్బంధం వ్యాధి నివారణకు ఎందుకు ఆటంకమైంది?
2. 1902 ఎన్నికల తరువాత పరిస్థితి ఎలా మారింది?